కదలని మైళ్ళు

శనివారం పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే కేశవరావు చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చేశాడు. ప్లేనోలో ఆ వేళకి ఎండ ఇంకా ముదరలేదు. వీధి పొడవునా లాన్ల మీద స్ప్రింక్లర్లు చిటచిటమంటూ నీళ్ళు చిమ్ముతున్నాయి. డ్రైవ్‌వేలో కూతురు కొత్తగా కొన్న పికప్ ట్రక్, ముదురు నీలం రంగుది, అల్లుడి కారుని చిన్నబుచ్చుతూ ఠీవిగా నిలబడి ఉంది. శనివారం అంటే ట్యాంకు నింపించే రోజు. ఆ ఇంట్లో ఆ రోజు కోసం ఎదురుచూసే మనిషి ఆయన ఒక్కడే.

"అమ్మా మనీషా, బయల్దేరదామా? చల్లటి పూట పోయించుకుంటేనే పెట్రోలు నిండుగా పడుతుంది."

"వస్తున్నా నాన్నా," అంటూ మనీషా జుట్టు ముడి వేసుకుంటూ వచ్చింది. వారానికి రెండే రోజులు ఆలస్యంగా లేవగలిగే మనిషి. అందులో ఒక రోజు ఇలా పోతోంది.

కేశవరావు ముప్పై ఏళ్ళకు పైగా ఆర్టీసీలో పనిచేసి డిపో మేనేజరుగా రిటైరయ్యాడు. ఆయన దృష్టిలో డ్రైవర్ని తూచే తక్కెడ ఒక్కటే, కేఎంపీఎల్. లీటరు డీజిలుకి బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క. డ్రైవరు కూతురి పెళ్ళి శుభలేఖ పట్టుకొచ్చినా ఆయన ముందు అడిగేది, "ఏమయ్యా, నీ కేఎంపీఎల్ పడిపోయిందేం?" అనే. శుభలేఖ తర్వాత అందుకునేవాడు. అలాగని మనిషి చెడ్డవాడు కాదు. ఆ పెళ్ళికి తప్పకుండా వెళ్ళి, అక్షింతలు వేసి, పిల్లని చల్లగా ఉండమని దీవించే వచ్చేవాడు.

గ్యాస్ స్టేషన్‌లో పంపు టక్కుమని ఆగగానే, "చాలు, ఇక పైన పోయకు, లెక్క తప్పుతుంది," అన్నాడు. ఎన్ని గాలన్లు పట్టిందో, పోయినసారి నింపాక ఎన్ని మైళ్ళు తిరిగిందో చూసుకుని, కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. ఫోన్లో లెక్క చూడటం ఆయనకు నామోషీ.

"గాలన్‌కి పద్నాలుగు కూడా రాలేదమ్మా."

"ఊఁ."

"కొన్నప్పుడు అద్దం మీద అంటించిన స్టిక్కర్లో ఇరవై వేశాడు."

"అది ల్యాబ్‌లో టెస్ట్ చేసి వేస్తారు నాన్నా. రియల్ వరల్డ్‌లో ఎవరికీ అంత రాదు."

"నిజమే, తగ్గుతుంది. ఒకటో రెండో తగ్గుతుంది. ఇంత తగ్గదు. ఎక్కడో ఏదో ఉంది."

మనీషా పంపు గొట్టం తగిలించి, వచ్చి సీట్లో కూర్చుని, బండి తీసింది. ఇంటికి వెళ్ళేదాకా ఇద్దరి మధ్యా ఇక మాటల్లేవు. కేశవరావు లెక్కల్లో మునిగి ఆ సంగతి గమనించనే లేదు.

కేశవరావుకీ అన్నపూర్ణకీ మనీషా ఒక్కతే సంతానం. తను సిటిజన్ అయిన వెంటనే తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేసి, వచ్చి తనతోనే ఉండిపొమ్మంది. కేశవరావు చాలాకాలం నానుస్తూ వచ్చాడు. కూతురింట్లో చుట్టపుచూపుగా ఉండటం వేరు, మకాం పెట్టడం వేరు అన్నాడు. "నేను కొడుకునైతే ఇలాగే అనేవాడివా నాన్నా?" అని ఫోన్లో మనీషా ఏడిస్తే ఆయన మెత్తబడ్డాడు. నరసరావుపేటలో ఫ్లాటు అద్దెకిచ్చేసి, వేసవి మొదట్లో ఇద్దరూ వచ్చేశారు.

వచ్చాక మాత్రం ఆయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఇక్కడ కరెంటు బిల్లు తన పేరు మీద రాదు. గుడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు కారు తీయాలి. అల్లుడు రాకేష్ మర్యాదస్తుడే, అయినా కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఊరికే తిని కూర్చుంటున్నానన్న బెరుకు. సరిగ్గా అప్పుడే మనీషా పాత కారు ఇచ్చేసి ఈ ట్రక్ తెచ్చింది. కేశవరావుకి ప్రాణం లేచొచ్చింది. ఈ ఇంట్లో తనకు తెలిసిన విషయం ఒకటి దొరికింది. కూతురి బండికి రావలసిన మైలేజీ రప్పిస్తే, తమ మీద ఆమె పెట్టే ఖర్చుకి అంతో ఇంతో బదులు తీర్చినట్టు ఉంటుందనుకున్నాడు. ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు.

మొదట టైర్లలో గాలి తగ్గిందన్నాడు. చూయించారు, సరిగ్గానే ఉంది. వెనక తొట్టిలో మనీషా తోట కోసం తెచ్చుకున్న మట్టి బస్తాల బరువన్నాడు. రాకేష్ ఎండలో వాటిని దింపాడు. టోల్ రోడ్డు మీద వేగం తగ్గించమన్నాడు, ఏసీ తగ్గించుకోమన్నాడు, బ్రేకు తొక్కేముందే కాలు తీసేయాలన్నాడు. మనీషా మొదట్లో నవ్వుతూ, "యెస్ సర్" అనేది. తర్వాత "సరే నాన్నా" అనేది. ఇప్పుడు "ఊఁ" దగ్గర ఆగింది. ఒకప్పుడు అన్నం తింటూ ఆఫీసు కబుర్లు ఆగకుండా చెప్పే పిల్ల, ఈమధ్య తినేసి మేడ మీదకు వెళ్ళిపోతోంది. ఇంటికి రావడమూ ఆలస్యమే. అడిగితే ట్రాఫిక్ అంటుంది. పాపం పని ఎక్కువైందనుకుని కేశవరావు జాలిపడ్డాడు. జాలిపడి, మైలేజీ ఎంత వచ్చిందని అడిగాడు.

పోయిన నెలలో ఆస్టిన్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి అందరూ ఈ ట్రక్‌లోనే వెళ్ళారు. మనీషా తోలుతుంటే ముందు సీట్లో పక్కనే కేశవరావు. బయల్దేరేముందు ట్యాంకు నింపించాడు, తిరిగొచ్చి మళ్ళీ నింపించాడు. స్టిక్కర్ మీద వేసినంతా వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన అనుమానం బండి మీద నుంచి తోలే మనిషి మీదకు మళ్ళింది.

గ్యాస్ స్టేషన్ నుంచి ఇంటికి వచ్చేసరికి అన్నపూర్ణ గుత్తివంకాయలకు కారం కూరుతోంది. మధ్యాహ్నం రాకేష్ స్నేహితుడు రవికాంత్, అతని భార్య రాధారాణి భోజనానికి వస్తున్నారు. మనుమరాలు నైనిక స్నేహితురాలి పుట్టినరోజని వెళ్ళింది.

"ఏమండీ, వాళ్ళ ముందు ఆ మైలేజీ మాట ఎత్తకండి," అంది అన్నపూర్ణ.

"ఎత్తితే ఏమైంది? రవికాంత్‌కీ ఇలాంటి బండే ఉందిగా, తెలిసినవాడిని అడిగితే తప్పేముంది?"

ఆవిడ ఇంకేదో అనబోయి, వంకాయల వైపు తిరిగింది.

రవికాంత్ ఉద్యోగంతోపాటు పాత ఇళ్ళు కొని, బాగుచేయించి అద్దెకిస్తుంటాడు. ఆ పనికోసం పికప్ వాడతాడు. కంచాల ముందు కూర్చుంటూనే అతనే కదిపాడు. "ఏం అంకుల్, ట్రక్ నచ్చిందా? మనీషా మంచి కలర్ తీసుకుంది."

"కలరుకేం బాబూ, దివ్యంగా ఉంది. మైలేజీయే మమ్మల్ని ఏడిపిస్తోంది."

వంటింట్లో గరిటె గట్టిగా చప్పుడైంది. కేశవరావు ఆగలేదు. ఆస్టిన్ సంగతి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. "నేను పక్కన కూర్చున్నప్పుడు ఫుల్‌గా వచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పక్కన నేనుండను. అప్పుడు పడిపోతోంది. దీన్నిబట్టి మీకేం తెలిసింది?"

"మనీషా రేసులకు వెళ్తోందని," అంది రాధారాణి. అందరూ నవ్వారు. రాకేష్ నవ్వలేదు.

"నాన్నా, వాళ్ళని తిననీ," అంది మనీషా పప్పు వడ్డిస్తూ.

"ఇంత ఇన్వెస్టిగేషన్ ఎందుకు అంకుల్," అన్నాడు రవికాంత్. "దాంట్లోనే ఒక స్క్రీన్ ఉంటుంది. ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు ఆన్‌లో ఉంది, అందులో బండి కదలకుండా ఎన్ని గంటలుందో విడిగా చూపిస్తుంది. మా పనివాళ్ళు ట్రక్‌లో ఏసీ వేసుకుని కూర్చుంటే నేను అందులోనే పట్టుకుంటా."

మనీషా చేతిలో గరిటె ఆగింది. "ఇప్పుడు అవన్నీ ఎందుకు రవీ?"

"టూ మినిట్స్ పని. తిన్నాక చూపిస్తా."

అన్నం తిన్నాక మగవాళ్ళు వాకిట్లోకి వెళ్ళారు. రాకేష్ "ఎండ బాగా ఉంది, తర్వాత చూద్దాం మావయ్యగారూ" అంటూనే ఉన్నాడు. రవికాంత్ బండి ఆన్ చేసి, స్టీరింగ్ మీద బటన్లు నొక్కుతూ ఆ స్క్రీన్ తెచ్చి చూపించాడు. కేశవరావు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. ఇంజన్ నడిచిన గంటల్లో దాదాపు సగం, బండి అంగుళం కూడా కదల్లేదు.

ఆయనకు కలిగింది సంతోషం. దాచడం ఎందుకు, అంతకాలం పీడించిన చిక్కుముడి విడిపోతే ఎవరికైనా కలిగే సంతోషమే అది. బండిలో లోపం లేదు, కూతురు దూకుడుగా తోలడమూ లేదు. ఎక్కడో నిలబెట్టి ఇంజన్ ఆపడం మర్చిపోతోంది, అంతే. ఒక్క మాటతో సరిపోయేదానికి ఇన్నాళ్ళు తిప్పలు పడ్డాం అనుకుంటూ గబగబా లోపలికి వచ్చాడు.

"దొరికిందమ్మా దొంగ. బండి ఆన్‌లో పెట్టి అంతంతసేపు ఎక్కడ నిలబెడుతున్నావు?"

మనీషా గిన్నెల్లో పాయసం పోస్తోంది. తలెత్తలేదు. "సిగ్నల్స్ దగ్గర నాన్నా."

"ఇక్కడి సిగ్నళ్ళు నేనూ చూశాను. అంతసేపు ఉండవు."

"నైనిక స్కూల్ పికప్ లైన్‌లో."

"స్కూలుకి సెలవులు కదా. వేసవి క్యాంపు నుంచి తెచ్చేది రాకేష్."

"మావయ్యగారూ, పాయసం తీసుకోండి," అన్నాడు రాకేష్.

"ఒక్క నిమిషం బాబూ. చెప్పమ్మా, ఇదేం దొంగతనం కాదుగా. ఆఫీసులోనా? కాఫీ షాపుల దగ్గరా? ఎక్కడో తెలిస్తే సరిచేసుకుందాం."

డిపోలో ఎంక్వైరీ జరిపేటప్పుడు ఆయన గొంతు ఇలాగే ఉండేది. కోపం లేకుండా, తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చే గొంతు. మనీషా గరిటె పక్కన పెట్టింది.

"మన వీధి దాటగానే గ్రోసరీ స్టోర్ ఉంది కదా. దాని పార్కింగ్‌లో."

"అక్కడేం పని?"

"పనేం లేదు. ఆఫీసు నుంచి వస్తూ కాసేపు కూర్చుంటాను."

"ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. ఇంటికే వచ్చి కూర్చోవచ్చుగా?"

మనీషా ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "రాలేకే నాన్నా," అంది.

రాధారాణి ముందు తేరుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు ఫోన్ చూసుకుంది. పాయసం డబ్బాలో పెట్టిస్తానని అన్నపూర్ణ అంటున్నా వద్దంటూ, రవికాంత్‌ని దాదాపు లాక్కుపోయింది. వెళ్ళేముందు రవికాంత్ గుమ్మంలో నిలబడి, "సారీ మనీషా, ఐ డిడ్ నాట్ నో," అని గొణిగాడు.

తలుపు మూసుకోగానే కేశవరావు అడిగాడు. "ఎందుకు రాలేవు? ఇంట్లో ఏముంది?" నిజంగా తెలియకే అడిగాడు.

"మనీ, ఇప్పుడొద్దు," అన్నాడు రాకేష్. అంటే అతనికి ముందే తెలుసన్నమాట.

"లేదు రాకేష్, అడుగుతున్నాడుగా." మనీషా కుర్చీ వీపు మీద చేతులానించి నిలబడింది. "ఆఫీసులో పొద్దున్నించి సాయంత్రం దాకా నా నంబర్లు ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు నాన్నా. ఇంటికొచ్చి తలుపు తీస్తే నువ్వు నిలబడి ఉంటావు. ఎంత వచ్చింది, ఎందుకు తగ్గింది, ఏ రోడ్‌లో వచ్చావు. షూస్ విప్పేదాకా కూడా ఆగవు. నాకు ప్రమోషన్ వచ్చిందని చెప్పిన రోజు నువ్వు ఏమన్నావో తెలుసా?"

కేశవరావుకి గుర్తు రాలేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"'సంతోషం తల్లీ. టైర్లలో గాలి చూయించావా?' అన్నావు. నేను నవ్వాను కూడా. ఆ మర్నాడే మొదటిసారి ఆ పార్కింగ్‌లో ఆగాను. ఐదు నిమిషాలనుకున్నాను. ఎవరూ ఏమీ అడగరు అక్కడ. తర్వాత రోజూ అలవాటైపోయింది."

"అంటే నేను నీ మంచికే కదమ్మా..."

"తెలుసు. అందుకే చెప్పలేకపోయాను." ఆమె వాకిలి వైపు చూసింది. "అసలు ఈ ట్రక్ ఎందుకు కొన్నానో ఎప్పుడైనా అడిగావా?"

"నీకు సరదా కాబోలు అనుకున్నా."

"నాకేం సరదా నాన్నా? అంత పెద్ద బండి పార్క్ చేయడానికి ఇప్పటికీ భయమే నాకు. నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు కార్‌లోంచి దిగిన ప్రతిసారీ మోకాలు పట్టుకునేవాడివి. గోతిలో కూర్చున్నట్టుందే అనేవాడివి. ఇక ఇక్కడే ఉండబోతున్నావని, ఎత్తుగా, కాళ్ళు చాపుకుని కూర్చునేలా ఉండాలని ఇది చూశాను. ఎక్కడానికి పక్కన మెట్టు కూడా విడిగా పెట్టించాను. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్ళన్నీ తిప్పాలనుకున్నాను. నువ్వు పక్కనే కూర్చున్నావు. ఆస్టిన్ వెళ్ళి వచ్చేదాకా మీటరే చూశావు."

ఆమె మేడ మీదకు వెళ్ళిపోయింది. రాకేష్ "తనకి కాస్త టైమ్ ఇద్దాం మావయ్యగారూ," అని మెల్లగా చెప్పి తనూ వెళ్ళాడు. బల్ల మీద పాయసం గిన్నెలు ఎవరూ ముట్టకుండా అలాగే ఉండిపోయాయి.

పొద్దు వాలాక అన్నపూర్ణ పెరట్లో గోంగూర మొక్కలకు నీళ్ళు పడుతుంటే కేశవరావు వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచి ఆయన మొహం వాడిపోయి ఉంది.

"రాకేష్‌ని టికెట్లు చూడమందాం. అద్దెకున్నవాళ్ళకి చెబితే ఇల్లు ఖాళీ చేస్తారు. మనం వెళ్ళిపోదాం."

"ఎందుకు?"

"నేనుంటే దానికి ఇంటికి రాబుద్ధి కావట్లేదు. ఇంకా ఎందుకని అడుగుతావేమిటి?"

"వెళ్ళిపోతే మీకు సుఖమే. నాన్నని పంపేశానని అది జన్మంతా కుమిలిపోతుంది. అదీ మీ లెక్కలో వెయ్యండి," అంది అన్నపూర్ణ. ఆవిడ గొంతులో ఎప్పుడూ లేని కరుకుదనం ఉంది.

"నీకు ముందే తెలుసా?"

"సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళినప్పుడు చూశాను. సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకునుంది. పలకరించకుండా వచ్చేశాను."

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

అన్నపూర్ణ గొట్టం కింద పెట్టి ఆయన వైపు తిరిగింది. "ఏమని అనేది? పెళ్ళయిన దగ్గర్నించీ నూనె డబ్బా ఎన్నాళ్ళొచ్చింది, గ్యాస్ బండ ఎందుకు ముందే అయిపోయిందని నన్నూ అడిగారు. మీరు డిపో నుంచి వచ్చే వేళకి నాకూ గుండె దడదడలాడేది. దానికి బండి ఉంది కాబట్టి పార్కింగ్‌లో కూర్చుంటోంది. నాకు బండి లేదు. నేను వంటింట్లో కూర్చున్నాను."

ఈ మనిషి వంటిల్లు వదలదని, ఎప్పుడూ పనేనని, చుట్టాల దగ్గర కేశవరావు ఎంత గొప్పగా చెప్పుకునేవాడు. ఆవిడ మళ్ళీ గోంగూర వైపు తిరిగి నీళ్ళు పట్టింది. ఏడుస్తోందేమోనని చూశాడు. ఏడవడం లేదు. ఏడుపు దాటిపోయి చాలాకాలమైనట్టుంది. ఆయనకే కళ్ళు తడిశాయి.

ఆదివారమంతా ఇల్లు మెత్తమెత్తగా నడిచింది. మనీషా మామూలుగానే కాఫీ ఇచ్చింది, నాన్నా అనే పిలిచింది. ఆయన చాలాసార్లు నోరు తెరిచాడు. తెరిచిన ప్రతిసారీ నాలుక మీదకు బండి మాటే వచ్చింది. రోడ్డు, టైరు, ట్రాఫిక్. అవి మింగేస్తే ఇంకేం మిగల్లేదు. కన్నకూతురితో మాట్లాడటానికి తన దగ్గర ఇంకో మాట లేదని అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఆయనకు ఆ రోజే తెలిసింది.

సోమవారం సాయంత్రం, అన్నపూర్ణ కూర తరుగుతుండగా, ఇప్పుడే వస్తానని చెప్పి బయల్దేరాడు. ఎండ ఇంకా చుర్రుమంటూనే ఉంది. ఆ ఊళ్ళో నడిచేవాళ్ళే ఉండరు, ఫుట్‌పాత్ మీద ఆయన ఒక్కడే. క్షమించమ్మా అని మొదలుపెట్టాలా, తప్పు నాదే అని మొదలుపెట్టాలా అని దారి పొడవునా కూడబలుక్కున్నాడు. స్టోర్ పార్కింగ్‌లో ఒక మూలగా నీలం ట్రక్ కనిపించింది.

మనీషా సీటు వాల్చుకుని పడుకునుంది. కళ్ళు మూతపడి ఉన్నాయి, పెదాలు కొంచెం విడివడి ఉన్నాయి. అద్దంలోంచి ఆ మొహం చూసి కేశవరావు దూరంగానే ఆగిపోయాడు. ఎంత హాయిగా ఉందో ఆ మొహం. ఈ వేసవి మొత్తంలో ఒక్కసారి కూడా ఆ మొహాన్ని ఆయన ఇంట్లో చూడలేదు. తను తలుపు దగ్గర నిలబడి చూసింది ఎప్పుడూ బిగుసుకున్న మొహాన్నే. ఈ హాయి కోసం పిల్ల ఇల్లు వదిలి ఈ సిమెంటు ఎండలో ఆగవలసి వచ్చింది. దాన్ని కూడా దుబారా అని నలుగురిలో నిలదీశాడు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అద్దం తట్టడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు క్షమాపణ చెప్పడమంటే, ఉన్న ఆ కాసేపు కూడా లాక్కోవడమే. కూడబలుక్కున్న మాటలన్నీ మింగి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

ఇంకో మలుపు తిరిగితే ఇల్లు అనగా ట్రక్ పక్కన వచ్చి ఆగింది. అద్దం కిందకు దిగింది.

"నాన్నా, ఈ ఎండలో ఎక్కడికెళ్ళావు? ఎక్కు."

మెట్టు మీద కాలు పెట్టి ఎక్కాడు. మోకాలు నొప్పి పెట్టలేదు. అది ఆయనకు ఇన్నాళ్ళకి తెలిసింది. మనీషా నీళ్ళ సీసా అందించింది.

"నన్ను చూడ్డానికే స్టోర్ దాకా వచ్చావా?"

"ఊఁ."

"మరి పిలవలేదేం?"

"బాగా పడుకున్నావు. లేపబుద్ధి కాలేదు." ఒక గుక్క తాగి సీసా మూత పెట్టాడు. "నాకు ఇంకో మాట రాదమ్మా. చిన్నప్పుడు నిన్ను మార్కులడిగాను. చదువయ్యాక ఏం అడగాలో తెలీలేదు. ఈ బండి వచ్చాక అడగడానికి ఒకటి దొరికిందనుకున్నాను. నీతో మాట్లాడుతున్నాననే అనుకున్నానే తల్లీ."

మనీషా స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి ఆయన చేతిమీద వేసింది. రోడ్డు వైపే చూస్తూ ఏడుస్తోంది. ట్రక్ నెమ్మదిగా మలుపు తిరిగి ఇంటి డ్రైవ్‌వేలోకి వచ్చి ఆగింది.

"అక్కడ కూర్చుని ఏం ఆలోచిస్తావు?" అడిగాడు. ఆ ప్రశ్న వేయడానికి ఆయనకు చాలా ధైర్యం కావలసి వచ్చింది.

"ఏమీ ఆలోచించను నాన్నా. అందుకే కూర్చుంటాను."

"కూర్చో మరి. రేపు కూడా కూర్చునే రా. నేను తలుపు దగ్గర ఉండను."

మనీషా ముక్కు తుడుచుకుని, బండి ఆపడానికి బటన్ మీదకు చెయ్యి పోనిచ్చింది.

"ఉండనీ," అన్నాడు కేశవరావు. "లోపల పనేముంది ఇప్పుడు? ఆ ప్రమోషన్ సంగతేమిటో చెప్పు. నీ కింద ఎంతమంది? వాళ్ళు నీ మాట వింటారా?"

మనీషా సీటులో పక్కకు తిరిగి, కాళ్ళు పైకి పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. రాగిణి అని ఒకమ్మాయి ఉందట, చాలా తెలివైనదట, మీటింగ్‌లో మాత్రం నోరు విప్పదట. చెప్పినదాంట్లో సగం ఆయనకు అర్థం కాలేదు. అయినా మధ్యలో ఆపకుండా విన్నాడు. అర్థమైన చోట నవ్వాడు.

వంటింటి కిటికీలోంచి అన్నపూర్ణ చూసింది. డ్రైవ్‌వేలో బండి ఆన్‌లోనే ఉంది, లోపల ఇద్దరూ ఉన్నారు. పిలుద్దామని తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, పొయ్యి మీద కూర సిమ్‌లో పెట్టింది.